అక్క పేజీలో నేను చేర్చిన ఒక్క వాక్యం



పోయిన వారం ఒక నర్సింగ్ ఫైనలియర్ అమ్మాయి మెసేజ్ పెట్టింది. "సార్, మీరు ఫేస్‌బుక్‌లో ఇంతింత పొడుగు రాస్తారు కదా. నేను కూడా మన వాళ్ళ కోసం ఆరోగ్యం మీద వీడియోలు చేద్దామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి? ఉద్యోగం రాకముందే ఊడుద్ది అని మా సీనియర్లు భయపెడుతున్నారు."

రెండు ముక్కల్లో జవాబు కొట్టేద్దామని ఫోన్ తీశాను. కుదర్లేదు. ఈ విషయంలో నాకు కొంచెం తెలుసు. ఆ తెలిసింది కూడా ఒక పెద్ద తప్పు చేశాక తెలిసింది. ఆ తప్పు చెప్పకుండా సలహా మాత్రం చెప్తే అది మోసం అవుతుంది. అందుకే ఈ వారం రాద్దామనుకున్న ఆత్మకథల వ్యాసం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. నిజానికి ఇది కూడా ఆత్మకథల గురించేనేమో, చదివాక మీరే చెప్పండి.

మా అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. పల్నాడులో ఒక సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె ఒక మిషన్ ఆసుపత్రిలో జీఎన్ఎం చేస్తున్నప్పుడు నేను ఆరో తరగతి. అమ్మ మిరపకాయ కోతలకు పోయేది. నా ఎంఏ ఫీజులు, హాస్టల్ మెస్ బిల్లులు, పీహెచ్‌డీ థీసిస్ బైండింగ్ దాకా అన్నీ అక్క నైట్ డ్యూటీల్లోంచి వచ్చినవే. థీసిస్ అంకితం పేజీలో ఆమె పేరు రాసి చూపిస్తే, "ఈ బుక్కు మొత్తంలో నాకర్థమయ్యే పేజీ ఇదొక్కటేరా" అని నవ్వింది.

మన ఇళ్ళల్లో ఎవరో ఒక అక్కో పిన్నో నర్సుగా ఉంటుంది, గమనించారా? ముఖ్యంగా గుంటూరు, ప్రకాశం వైపు పల్లెల్లో. 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ గుంటూరు వచ్చింది. ఆమె 1897లో తెరిచిన ఆసుపత్రిని జనం ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. మిషన్ ఆసుపత్రులు నర్సు చదువు పెట్టినప్పుడు, రక్తం, చీము, ఉచ్చ ముట్టుకునే పని మైల అనుకున్న ఇళ్ళు ఆడపిల్లల్ని పంపలేదు. మైల పేరుతో ఊరి బయట పెట్టినవాళ్ళు పంపారు. సరిగ్గా ఆ 1897లోనే పుణె దగ్గర ప్లేగు రోగుల్ని మోసుకొచ్చి సేవ చేస్తూ సావిత్రీబాయి ఫూలే అదే ప్లేగుతో చనిపోయింది. నర్సుల దినోత్సవం నాడు క్యాండిల్స్ వెలిగించే మన కాలేజీల్లో ఆమె ఫొటో ఎక్కడైనా కనిపిస్తే నాకు చెప్పండి.

సరే, అక్క సంగతి.

2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా చప్పట్లు కొట్టింది కదా. అక్క అద్దెకుండే వీధిలో కూడా కొట్టారు. ఏప్రిల్ మొదట్లో ఆ ఇంటాయన "అమ్మా, పిల్లలున్న ఇల్లు, వేరే చోట చూసుకో" అన్నాడు. చప్పట్లలో ఆయన పళ్ళెం కూడా ఉందని అక్క ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది. వైద్య సిబ్బంది మీద దాడి చేసినా, ఉంటున్న ఇంట్లోకి రాకుండా అడ్డుకున్నా శిక్ష అని ఆ నెల 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. అప్పటికే అక్క సామాను ఆటోలో ఎక్కించేసింది.

రెండో వేవ్‌లో, 2021 మేలో, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజుకో మందు తిరిగేది. కృష్ణపట్నంలో మందు కోసం వేలమంది బారులు తీరిన రోజులవి. కర్పూరం, వాము మూట కట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుద్దని మా పెదనాన్న కూడా నమ్మాడు. ఒకరాత్రి డ్యూటీ దిగి వచ్చి, విసుగొచ్చి, అక్క ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. నిమిషం పది సెకన్లు. వేలికి పెట్టే మిషను ఎట్టా పెట్టాలి, గోరింటాకు గానీ గోళ్ళరంగు గానీ ఉంటే ఎందుకు తప్పు చూపిస్తది, 94 కంటే తగ్గితే ఇంట్లో కూర్చోకుండా ఎందుకు పోవాలి. అంతే. చివర్న, "పెదనాన్నా, ఆ మూట బీరువాలో పెట్టుకో, బట్టలకు మంచిది" అంది.

ఆ గొంతు ఎక్కడెక్కడికో వెళ్ళింది. నరసరావుపేటలో ఉండే నా విద్యార్థి ఒకడు, "సార్, ఎవరో నర్సమ్మ భలే చెప్పింది" అని దాన్ని నాకే పంపాడు.

తర్వాత రెండేళ్ళకు, 2023లో, అక్క అడిగింది. "నీకు ఫేస్‌బుక్‌లో బాగా తెలుసు కదా. నాకో పేజీ పెట్టివ్వు."

నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. 1920 జనవరి 31న అంబేడ్కర్ 'మూక్ నాయక్' మొదటి సంచిక తెచ్చినప్పుడు, డబ్బులిస్తామన్నా దాని ప్రకటన వేయడానికి తిలక్ పెట్టిన 'కేసరి' ఒప్పుకోలేదు. జాషువా 'గబ్బిలం'లో మనవాడి గోడు శివుడికి చెప్పడానికి హంసో మేఘమో దొరకలేదు, గబ్బిలమే దొరికింది. ఇప్పుడు ఎవరినీ అడిగే పని లేదు, మా అక్క చేతిలోనే ఫోనుంది. ఇట్లా ఓ పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. అక్క అంతా విని, "నెలకి ఎంతవుద్ది?" అంది. ఏమీ కాదన్నాను. "అయితే పెట్టు."

మొదటి గొడవ పేరు దగ్గరే వచ్చింది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టాలని నేను. మన ఇంటిపేరు చూస్తే పల్లె తెలుస్తుంది, అసలు పేరు చూస్తే చర్చి తెలుస్తుంది. తెలియనీ, దాచుకునే కాలం పోయింది అని నా వాదన. అక్క ఒప్పుకోలేదు. "నువ్వు రాసేది చదవడానికి వచ్చేవాళ్ళు నువ్వెవరో తెలిసే వస్తారు. నా దగ్గరికొచ్చేది నెల తప్పిన పిల్ల. ఆ పిల్ల ఏ బజారుదైనా రక్తం తక్కువే ఉంటది. వాళ్ళత్త నా ఇంటిపేరు చూసి ఫోన్ లాక్కుంటే ఆ పిల్లకి మాత్ర ఎవరు చెప్తారు?" అంది.

నేను దాన్ని భయం అనుకున్నాను. లొంగుబాటు అని కూడా ఒక మాట అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. చివరికి నర్సు అని, ఇంట్లో పిలిచే పేరు అని, రెండూ కలిపి పెట్టింది. ఆ పేజీ పేరు ఇక్కడ రాయట్లేదు, నా పోస్టుల్లో ట్యాగ్ చేయొద్దని ఆమె మొదట్నుంచీ పెట్టిన షరతు. అట్లాగని గోడ మీద ఏమీ తీసేయలేదు. వీడియోలో ఆమె వెనక ఒకవైపు యేసుప్రభువు క్యాలెండరు, ఇంకోవైపు నీలం కోటు బాబాసాహెబు ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నారు. "ఎవరింటి గోడ వాళ్ళది" అంది.

రెండో గొడవ భాష. ఇక్కడ తెలుగు డాక్టరేటు గారు రంగంలోకి దిగారు. మొదటి వీడియోకి స్క్రిప్టు నేనే రాశాను. "గర్భిణీ స్త్రీలలో రక్తహీనత నివారణకు ఇనుము, ఫోలికామ్లము మాత్రల ప్రాముఖ్యత" అని శీర్షిక. అక్క చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యానికి రేడియోలో పంటల వివరాలు చదువుతున్నట్టయింది. నాలుగో వాక్యం దగ్గర కాగితం మడిచి నా జేబులో పెట్టి, "నువ్వు ఫోన్ పట్టుకో చాలు" అంది. తర్వాత ఆమె చెప్పింది ఇది. గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

"అమ్మాయిలూ, నాలుగో నెల నించి ఎర్ర మాత్ర ఇస్తారు గదా, రోజుకొకటి, నూట ఎనభై రోజులు. కాన్పయినాక ఇంకో నూట ఎనభై. మీలో సగం మంది వాటిని చెత్తలో ఏస్తన్నారని నాకు తెలుసు. ఎందుకేస్తన్నారో కూడా తెలుసు. దొడ్డికి నల్లగా అవుద్ది. చూసి భయపడతారు, కడుపులో పిల్లకేమన్నా అయిందేమోనని. ఏం కాలేదు. మాత్రలో ఇనుముంది, అందుకే నల్లగా అవుద్ది. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక కాసేపాగి ఏసుకో. టీతో మాత్రం ఏసుకోబాక, టీ దాన్ని ఒంటికి పట్టనియ్యదు. నిమ్మకాయ నీళ్ళు తాగు, పట్టుద్ది. తెల్ల మాత్ర, కాల్షియంది, దాన్నీ దీన్నీ కలిపి మింగబాక. అది పొద్దున, ఇది రాత్రి."

రెండు నిమిషాలు. 'రక్తహీనత' అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఇరవయ్యేళ్ళుగా ఓపీ వరండాలో చెప్పీ చెప్పీ ఆ మాటలు నునుపు తేలిపోయాయి. మనం మాండలికం గురించి సెమినార్లు పెడతాం. 'దొడ్డికి' అన్న మాట పబ్లిగ్గా అనగలిగిన ధైర్యం గురించి ఎవరం పేపరు చదవలేదు. ఆ వీడియో కింద వచ్చిన మొదటి ప్రశ్నే, "అక్కా, నాకూ నల్లగా అవుతుంది, నిజంగా ఏం కాదా?"

పాఠాలు ఒక్కొక్కటే నేర్చుకున్నాం. నర్సింగ్ పిల్లలు అడుగుతున్నారు కాబట్టి చెప్తాను. ఆసుపత్రిలో షూటింగ్ లేదు, యూనిఫారంలో లేదు, డ్యూటీ టైములో లేదు. ఆసుపత్రి పేరు పేజీలో ఎక్కడా రాయలేదు. సర్కారు ఉద్యోగికి 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది, ప్రభుత్వాన్ని విమర్శిస్తే అది పనిచేస్తుంది, మందుల కొరత గురించి వీడియో చేస్తే చాలు. అందుకని ముందే పెద్దసారుకి లెటరు పెట్టింది, తీరిక వేళల్లో, డబ్బు తీసుకోకుండా, ఆరోగ్య అవగాహన కోసం అని. నాలుగు నెలలకు "అభ్యంతరం లేదు" అని ఒక కాగితం వచ్చింది. మధ్యలో మూడుసార్లు తిరిగింది. ఆ కాగితం జిరాక్సు తీసి లామినేషన్ చేయించి పెట్టుకుంది. తర్వాత అదే కాపాడింది కూడా.

ఆ సంవత్సరమే ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ డాక్టర్ల కోసం కొత్త నియమాలు ప్రకటించింది. అందులో సోషల్ మీడియా మీద వేరే భాగం ఉంది. ఆ నెలాఖరుకి మొత్తం నియమాలనే నిలిపివేశారు, మందుల పేర్ల గొడవ మీద. నిలిచిపోయినా చదువుకోదగ్గ భాగం అది. ఒక్కొక్క రోగి వైద్యం గురించి బహిరంగంగా చర్చించొద్దు, మందులు రాయొద్దు, రోగుల ఫొటోలు, స్కాన్లు పెట్టొద్దు, లైకులూ ఫాలోయర్లనూ కొనొద్దు, బాగైపోయామని రోగులతో చెప్పించుకోవద్దు. నర్సులకు కాకపోయినా అక్క దాన్ని ప్రింటు తీయించి నాతో తెలుగులో చెప్పించుకుంది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా. వాట్సాప్‌లో చూసి మందు రాసే అధికారం రిజిస్టరైన డాక్టరుకే, అదీ కొన్ని షరతులతో. నర్సుకు లేదు. కాబట్టి ఇన్‌బాక్సులో దద్దుర్ల ఫొటో వచ్చినా, స్కాన్ రిపోర్టు వచ్చినా, ఒకటే జవాబు. "నేను ఇక్కడ చూసి చెప్పకూడదమ్మా, చెప్పినా తప్పు కావచ్చు. దగ్గర్లో పీహెచ్‌సీకి వెళ్ళు. ఆయాసం, రక్తస్రావం, ఫిట్స్ ఉంటే 108కి ఫోన్ చెయ్." ఇది టైపు చేసి దాచిపెట్టుకుంది. అర్ధరాత్రి రెండుకి కూడా మెసేజీలు వస్తాయి. మొదట్లో నిద్ర లేచి చదివేది. ఇప్పుడు తొమ్మిదికి ఫోన్ హాల్లో పెట్టి పడుకుంటుంది.

మగవాళ్ళ మెసేజీల గురించి రాయమంటారా? వద్దులే. ఆడపిల్లలకు తెలుసు, మగపిల్లలు మీ అక్కల్ని అడగండి.

ఇంకా ఒక రెండు. గుంటూరులో ఎవరో షుగరు పొడి కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు, వీడియోలో డబ్బా చూపిస్తే పదిహేను వేలన్నారు. అక్క నెల రోజుల ఇంటి అద్దెకంటే ఎక్కువ. షుగరు పూర్తిగా నయం చేస్తానని ప్రకటన ఇవ్వడమే నేరమని 1954 నాటి చట్టం ఒకటుంది, ఆ సంగతి మాకప్పుడు తెలియదు. అక్క కారణం వేరే. "అది తాగి ఇన్సులిన్ మానేసిన ముసలాయన నా వార్డుకే గదరా వచ్చేది." ఇంకొకటి, "కోటా నర్సు" అని కామెంట్లు. నేను యుద్ధానికి దిగబోతే అక్క ఆపి, ఆ రెండు మాటలు కలిస్తే కామెంటే కనిపించకుండా సెట్టింగు పెట్టమంది. పెట్టాను. నా పేజీలో అయితే ఉంచి, ఉతికి ఆరేసేవాణ్ణి. రెండు పద్ధతులూ ఉండాలేమో.

ఇప్పుడు తప్పు దగ్గరికి వస్తాను.

పేజీ పెట్టి ఏడెనిమిది నెలలైంది. వీడియోలు బాగానే వెళ్తున్నాయి గానీ నాకు చాల్లేదు. మాత్రలు, ఓఆర్ఎస్సు, పాముకాటు, అంతా సమాచారం. కథ ఏది? మనిషేది? నేను క్లాసులో చెప్పేదే అక్కకి చెప్పాను. లెక్కలు మనసుకి తగలవు, ఒక మనిషి కథ తగుల్తుంది. కారంచేడు, చుండూరు అంటే మనకు సంఖ్యలు కాదు కదా, సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డ మనుషులు కదా. మన సాహిత్యం మొత్తం ఆ సాక్ష్యం మీదే నిలబడింది. ఊరు పేరు పెట్టి, వాడ పేరు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పడమే మన పోరాటం. నువ్వు రోజూ చూసే దాంట్లోంచి ఒకటి చెప్పక్కా.

అక్క వారం రోజులు నాన్చింది. తర్వాత ఒకమ్మాయి గురించి చెప్పింది. పేరు లేదు, ఊరు లేదు. ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చిన పిల్ల. మందులు సరిగ్గా వాడితే పూర్తిగా తగ్గిపోయే జబ్బే. ఎందుకాలస్యమైంది, కూలి పోతుందని ఎట్లా దాచిపెట్టుకుంది, అదీ సంగతి. ఆమె చెప్పినప్పుడు అది పొడిగా, జాగ్రత్తగా ఉంది. ఎవరైనా కావచ్చు అనిపించేలా ఉంది.

నాకు అదే నచ్చలేదు. "ఎవరైనా కావచ్చు అంటే ఎవరూ కాదని అర్థం" అన్నాను. వివరమే కథకు ప్రాణం. ఆ పిల్ల గురించి ఇంకేమన్నా చెప్పు అని గుచ్చి గుచ్చి అడిగాను. అక్క ఏదో మాటల్లో ఒక సంగతి చెప్పింది. జబ్బుకీ దానికీ పెద్ద సంబంధం లేదు. వినగానే నాకు ఒళ్ళు జలదరించింది, అంత అందమైన వివరం. దాన్ని ఒక్క వాక్యంగా చేసి వీడియో మొదట్లో పెట్టించాను.

ఆ వాక్యం ఏమిటో ఇక్కడ రాయను. తెలుసుకోవాలని మీకుంటుంది. రాయాలని నాకింకా ఉంది, అంత బాగా కుదిరింది. మన రెండు కోరికలూ కలిసే ఆ పిల్ల కొంప ముంచాయి.

వీడియో బాగా వెళ్ళింది. అప్పటిదాకా పెట్టిన అన్నింటికంటే ఎక్కువ. నా మిత్రులు చాలామంది షేర్ చేశారు, "ఇది కదా కథనం" అని ఒక కవి మిత్రుడు మెసేజ్ పెడితే ఆ రోజంతా గాల్లో తేలాను.

అయిదో రోజు ఆ పిల్ల తల్లి ఆసుపత్రికి వచ్చింది. ఓపీ అయిపోయేదాకా బయట చెట్టు కింద కూర్చుంది. అక్క బయటికొచ్చాక లేచి నిలబడి, "మేడమ్, మా పిల్ల గురించి ఫోన్లో చెప్పారంట గదా" అంది. వాళ్ళ కాలనీలో ఆ వివరం సరిపోయే పిల్ల ఒక్కతే ఉంది. వీడియో చూసిన వాళ్ళకు క్షణం కూడా పట్టలేదు. కుదురుతున్న సంబంధం ఆగిపోయింది. కూలికి పిలిచే మేస్త్రి "కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండమ్మా" అన్నాడు. పంపు దగ్గర బిందెలు దూరం జరిపారు.

బిందెలు దూరం జరపడం అన్న మాట అక్క ఫోన్లో చెప్పినప్పుడు నేను స్టాఫ్ రూంలో ఉన్నాను. బల్ల మీద ఎమ్మే పిల్లల అసైన్‌మెంట్లున్నాయి, అంటరానితనం మీద. ఆ పిల్లని మన వాడలోనే, మన పంపు దగ్గరే, నా వాక్యం దూరం జరిపింది.

ఆ తల్లి అరవలేదు. ఫిర్యాదు చేయలేదు, చేసి ఉంటే అక్క ఉద్యోగం దాకా వచ్చేది. ఆ లామినేషన్ కాగితం దానికి పనికి రాదు, అవగాహన కోసం అనుమతి గానీ రోగి గుట్టు విప్పడానికి కాదు. ఆ వీడియో మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే మాత్రం అది పనికొచ్చింది. ఉత్తరం రాసినవాడికి ఆ పిల్ల మీద ప్రేమేం లేదు, అక్క వీడియోలు చేస్తుందన్న కడుపుమంటే, కాబట్టి "అనుమతి లేకుండా" అన్న ఒక్క ముక్కే రాశాడు. ఇది న్యాయమా అంటే కాదు. మేం బతికిపోయాం, అంతే.

అక్క ఆ గంటలోనే వీడియో తీసేసింది. కానీ అప్పటికే ఎవరెవరో దించుకుని స్టేటస్‌లు పెట్టారు. నేను షేర్ చేసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. కొందరు వెంటనే తీసేశారు. కవి మిత్రుడు మాత్రం "పేరు లేదు కదా, ఎందుకంత కంగారు" అన్నాడు. నేనూ ముందురోజు దాకా ఆ మాటే అనేవాణ్ణి.

ఆదివారం ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. అక్క వద్దంది, నేనే పట్టుబట్టి వెళ్ళాను. ఆ తల్లి మంచం వాల్చి కూర్చోబెట్టింది. ఆ వాక్యం రాసింది నేనేనని చెప్పాను. ఆమె నన్ను కాసేపు చూసి, "నువ్వు పెద్ద చదువులు చదివినోడివి గదయ్యా" అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు. లోపల గదిలో ఆ పిల్ల ఉంది. అక్క లోపలికి వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేనడగలేదు. తర్వాత నెలల తరబడి మందుల కోసం ఆ పిల్లని ఊరి దాకా రానివ్వకుండా అక్కే తీసుకెళ్ళి ఇచ్చేది. ఇప్పుడా పిల్లకి బాగుంది. ఇంతవరకు రాయడానికి ఆ పిల్లే ఒప్పుకుంది. ఇంతకుమించి వద్దంది. ఈ వ్యాసం పోస్టు చేసే ముందు అక్కకు చదివి వినిపిస్తే రెండు చోట్ల కొట్టేయించింది.

అప్పట్నుంచి నాకు ఒకటి తెగట్లేదు. మన ఆత్మకథల్లో అమ్మలుంటారు, చెల్లెళ్ళుంటారు, చచ్చిపోయిన తమ్ముళ్ళుంటారు. 'నా కథ నేను చెప్పుకుంటున్నా' అంటాం గానీ ఒక్కరి కథలో పదిమంది కథలుంటాయి. వాళ్ళనడిగామా? దెబ్బతిన్నవాడు దెబ్బ చూపించడం సాక్ష్యం. దెబ్బకు కట్టు కట్టినవాడు ఆ దెబ్బ చూపించడం వేరే. అక్కకు ఆ పిల్ల సంగతి తెలిసింది అక్కగా కాదు, నర్సుగా. ఒళ్ళు విప్పి చూపిస్తే తెలిసింది. ఆ తేడా చట్టాల్లో కూడా ఉంది. మానసిక ఆరోగ్యం మీద, హెచ్ఐవీ మీద 2017లో వచ్చిన రెండు చట్టాలూ గోప్యతను రోగి హక్కుగా రాశాయి. కానీ నాకా చట్టాల కంటే ఒక పాత సంగతి గుర్తొస్తుంది. మా చిన్నప్పుడు మంత్రసాని పెద్దమ్మ ఉండేది. ఊళ్ళో పెద్దిళ్ళ కాన్పులు కూడా ఆమే చేసేది. ఏ ఇంట్లో ఏం జరిగిందో అంతా ఆమె కడుపులో ఉండేది. ఎవరు ఎంత కల్లు పోయించినా ఒక్క మాట బయటికి రాలేదు. ఆ ఇళ్ళవాళ్ళు ఆమెను వాకిట్లోనే కూర్చోబెట్టేవాళ్ళు, అయినా రాలేదు. దాన్ని ఏమనాలి, విధేయత అనాలా, వృత్తి అనాలా? నేనైతే ఒకప్పుడు మొదటిదే అని ఉండేవాణ్ణి.

కాబట్టి చెల్లెమ్మా, నువ్వడిగినదానికి. పేజీ పెట్టు. నీ సొంత ప్రొఫైలు వేరే, ఈ పేజీ వేరే ఉంచు, స్నేహితుల జాబితా దాచెయ్, లొకేషన్ ఆపెయ్. నీ పేషెంట్ల ఫ్రెండ్ రిక్వెస్టులు తీసుకోకు, మొహమాటం పడకు. వీడియో తీశాక పెట్టేముందు వెనక గోడ చూడు, బల్ల మీద రిజిస్టరు ఉందేమో, బోర్డు మీద పేర్లున్నాయేమో. ప్రతి వీడియోలో తారీఖు చెప్పు, వైద్యంలో మాట మారుతుంది, నాలుగేళ్ళ తర్వాత చూసేవాళ్ళకు తెలియాలి. తప్పు చెప్తే గుట్టుగా తీసేయకుండా, తప్పు చెప్పానని ఇంకో వీడియో పెట్టు. ఉద్యోగం వచ్చాక అనుమతి అడుగు, కాగితం దాచుకో. మీ ఇంట్లో నాలాంటి తమ్ముడో అన్నో ఉండి 'ఇంకొంచెం రక్తికట్టిద్దాం' అంటే ఫోన్ పట్టుకునే పని మాత్రం ఇవ్వు.

అక్క ఇప్పుడు ఎవరి కథా చెప్పదు. కల్పించి కూడా చెప్పదు, కల్పించింది కూడా ఎవరికో ఒకరికి సరిపోతుందని ఆమె భయం. చూసేవాళ్ళు సగానికి తగ్గారు.

మొన్న ఆదివారం ఇంటికి పోతే కుక్కకాటు మీద వీడియో తీస్తోంది. కారం, పసుపు, సున్నం పెట్టొద్దు, కట్టు కట్టొద్దు, ముందు సబ్బుతో ధార కింద పదిహేను నిమిషాలు కడగాలి, తర్వాత అదే రోజు ఆసుపత్రికి, మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు సూది మానకూడదు. ఇంతే కదా, నిమిషంలో అయిపోద్ది అన్నాను. "కాదు. పదిహేను నిమిషాలంటే ఎంతో ఎవరికీ తెలీదు. రెండు మగ్గులు పోసి కడిగామంటారు. మొత్తం తియ్యి, మధ్యలో కట్ చేయబాక" అంది.

మా మేనల్లుణ్ణి పంపు దగ్గర కూర్చోబెట్టి వాడి పిక్కకు లైఫ్‌బాయ్ రుద్దడం మొదలుపెట్టింది. నేను ఫోన్ పట్టుకున్నాను. మూడో నిమిషానికి వాడికి చక్కిలిగింతలు. ఆరో నిమిషానికి అమ్మ బయటికొచ్చి, నీళ్ళన్నీ పోతున్నాయని అరిచి, విషయం తెలిశాక మొక్క పాదు వైపు కాలువ తీసి లోపలికి పోయింది. తొమ్మిదో నిమిషానికి నా చెయ్యి లాగడం మొదలైంది.

"వణక్కుండా పట్టుకో" అంది అక్క, తల ఎత్తకుండా. "ఇంకా ఆరు నిమిషాలుంది."